నాలుగో జ్వరం తర్వాత

ఆకు మీద తడి ఉంటే ఫూమీ ఒప్పుకోదు. తొడిమ పట్టుకుని వెలుతురుకెత్తి చూస్తుంది. వెనక్కి తిప్పి, బల్ల మీది కాగితం నాప్కిన్‌తో ఈనె వెంబడి పైనుంచి కిందికి ఒక్కటే తుడుపు తుడుస్తుంది. తుడిచింది ఎడమ పక్కకి, మచ్చ పడింది పారేయడానికి ఒళ్లోకి. చెంచా పట్టుకుంటే వణికే ఎనభై నాలుగేళ్ల వేళ్లు ఆకు దగ్గరికొచ్చేసరికి వణుకు మరిచిపోతాయి.

సుధ ఓట్స్ గిన్నె పట్టుకుని పక్కనే నిలబడిపోయింది. ఆ ఇంట్లో పనికి చేరి మూడో వారం. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ట్వెల్వ్ మైల్ రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న ఆ ఇల్లు బయటినుంచి మామూలు కాపురం ఇల్లే. లోపల ఫూమీతో కలిపి ఆరుగురు ముసలివాళ్లు, వాళ్లకి వండిపెట్టి ఒళ్లు తుడిచే ఆడవాళ్లు నలుగురు. సుధకి ఈ పని ఇప్పించిన శశికళ ఆ నలుగురిలో ఒకతె, కరీంనగర్ మనిషి.

"మల్ల షురూ చేసిందా?" వంటింట్లోంచే అడిగింది శశికళ. "పొద్దుగాల్ల నుంచి గరాజ్ ఎనకకి మూడుసార్లు పోయొచ్చింది. గా పిచ్చి చెట్టుకు ఆకు మిగల్నిస్తలేదు. డెనీస్ చూసిందంటే ఇగ అయిపాయె."

"అది పిచ్చి చెట్టు కాదక్కా. మల్బరీ."

"ఏదైతేంది? పండ్లు రాలి కార్లన్నీ మరకలు. కొట్టేపిస్తరట."

సుధ బల్ల వైపు తిరిగింది. ఫూమీ పాత పేపరు పరిచి, దాని మీద ఆకు వేస్తోంది. అంచు నుంచి మొదలుపెట్టి నడిమికి, ఒక దాని మీద ఒకటి పడకుండా. ఖాళీ పేపరే, దాని మీద పురుగులేమీ లేవు. వేయడం అయ్యాక వంగి, ఆకు దగ్గర చెవి పెట్టి, కళ్లు మూసుకుంది.

సుధ చేతిలోని గిన్నె దానంతటదే వెనక్కి జరిగింది. ఓట్స్ ఆవిరి ఆకుకి తగలకుండా. తను జరిపానని ఒక క్షణం తర్వాత గానీ ఆమెకి తెలియలేదు.

హిందూపురం దగ్గర సుధ వాళ్లింట్లో ఏడాదికి ఐదు పంటలు పట్టుపురుగులే. పదో తరగతి పరీక్షల నెలలో పంట ముదిరి, ఇంట్లో చేతులు చాలక బడి మానేసింది. అలా ఆకు పరిచే చెయ్యి, పురుగు తింటోందో లేదో అలా చెవితో చూసే మనిషి ఈ దేశంలో కనిపిస్తారని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"ఎన్నో నిద్ర?" అని మెల్లిగా ఇంగ్లీషులో అడిగింది. వాళ్ల పక్క దాన్ని జ్వరం అంటారు. పురుగు తోలు మార్చుకునే ముందు మేత మాని, తలెత్తి, కదలకుండా ఉంటుంది. అట్లాంటి జ్వరాలు నాలుగు. నాలుగోది దాటితే ఏడు రోజులు పట్టపగ్గాల్లేని ఆకలి, ఆ తర్వాత గూడు. ఇంగ్లీషులో జ్వరం అంటే ఎట్లా అర్థమవుతుందోనని నిద్ర అంది.

ఫూమీ కళ్లు తెరిచింది. మూడు వారాల్లో మొదటిసారి సుధని ఇంట్లో సామానులా కాక మనిషిలా చూసింది.

"నాలుగో నిద్రలో ఉన్నాయి. రేపు లేస్తాయి," అంది. "నీకెవరు నేర్పారు?"

"మా అమ్మ."

"మంచి అమ్మ," అని ఓట్స్ గిన్నె తనే అందుకుంది ఫూమీ.

*

ఆ మధ్యాహ్నమే గొడవైంది. ఇల్లు నడిపే డెనీస్ వచ్చి, ముందుగదిలో వాసన బాగోలేదని లావెండర్ స్ప్రే కొట్టింది. ఫూమీ లేచి వెళ్లి ఆమె చేతిలోని డబ్బాని ఒక్క దెబ్బకి కింద పడేసింది. డబ్బా దొర్లుకుంటూ సోఫా కిందికి పోయింది. డెనీస్ చెడ్డమనిషి కాదు, గట్టిగా ఊపిరి పీల్చుకుని మణికట్టు రుద్దుకుంది.

"వాసన తగిలితే పురుగు చస్తుంది," అని సుధ నోటిదాకా వచ్చింది. వాళ్లింట్లో పూలు పెట్టుకుని కూడా పురుగుల గదిలోకి పోనిచ్చేవాళ్లు కాదు. కానీ ఇంగ్లీషు కూడగట్టుకునేలోపు డెనీస్ ఆమెని వంటింట్లోకి పిలిచింది.

"చూడు సుదా. ఒకటి, చెప్పకుండా వెనక తలుపు తీసుకుని వెళ్తోంది. రెండు, ఇప్పుడు చెయ్యి చేసుకుంది. మూడోది రాయాల్సి వస్తే నేనేం చేయలేను. ఇక్కడ తలుపులకి తాళం వేయడానికి మాకు పర్మిషన్ లేదు. తాళాలు ఉన్న చోటికి పంపాలి."

"అక్కడ చెట్లు ఉంటాయా?"

"ఏంటి?"

"బయటికి… పోనిస్తారా?"

"మతిమరుపు వాళ్ల మెమరీ వార్డు అది. ఎవర్నీ పోనివ్వరు. నాకూ ఇష్టం లేదు, పన్నెండేళ్లుగా తెలుసు ఆవిడ." డెనీస్ లాగ్ బుక్ తీసి ఆమె ముందు పెట్టింది. "నీతో బాగుంటుంది. ఆవిడ ఏం చేస్తోందో, ఎందుకు చేస్తోందో లాగ్ బుక్‌లో వివరంగా రాయి. డాక్టర్ గురువారం చదువుతారు. ప్రమాదమేం లేదని తెలిస్తే ఉండనిస్తారు."

ముసలివాళ్ల రోజువారీ సంగతులు రాసే ఆ లాగ్ బుక్ అంటే సుధకి భయం. మూడు వారాలుగా ఆమె అందులో రాసింది రెండే వాక్యాలు: బాగా తిన్నారు, బాగా పడుకున్నారు. ఆ రెండూ శశికళ ఒక చీటీ మీద రాసిస్తే చూసి దింపినవి.

*

మరుసటి రోజు పొద్దున్నే ఫూమీ చెప్పింది, పురుగులు లేచాయని. సుధ తనే గరాజ్ వెనక్కి వెళ్లింది. మే నెలాఖరు, ఆకు నిగనిగలాడుతోంది. నాలుగో జ్వరం దాటిన పురుగుకి లేత చిగురు పనికిరాదు కనుక కొమ్మ కింది భాగంలో ముదురాకు చూసి ఒక బుట్టెడు కోసింది. బుట్ట చూడగానే ఫూమీ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తల వంచి, బుట్టకి దండం లాంటిది పెట్టింది.

ఆకు తుడుస్తూ ఇద్దరూ బల్లకి చెరో పక్క కూర్చున్నారు.

"మీ ఊరెక్కడ అవ్వా?" అంది సుధ. అవ్వ అన్న మాట తెలుగులోనే వచ్చేసింది. ఫూమీ పట్టించుకోలేదు. బల్లగుడ్డని రెండు చేతులతో దగ్గరికి లాగింది. మధ్యలో పొడుగ్గా ఒక మడత లేచింది, దానికి అటూ ఇటూ రెండు గుట్టలు.

"కువనోసె, జపాన్‌లో," అంది. మడతల మధ్య పల్లంలో వేలితో గీస్తూ పోయింది. "ఇది నది. ఇటు కొండ, అటు కొండ. మా ఇల్లు ఇక్కడ, తూర్పు కొండ కింద. సూర్యుడు పదిగంటలకి గానీ రాడు. ఎదురు గట్టువాళ్లకి ఏడింటికే ఎండ. అందుకే వాళ్లకి పొగరు."

సుధ నవ్వింది. "మా ఊర్లోనూ అంతే. కాలవ పక్కోళ్లకి పొగరు."

ఫూమీ తోటకీ బడికీ చెరో కప్పు పెట్టి, మిరియాల డబ్బా తెచ్చి మడత చివర పెట్టింది. రైలు స్టేషన్. చిన్న రైలు, గూళ్ల బస్తాల కోసమే వేసింది. నది పొంగి ఇసుకా గులకరాళ్లూ మేట వేసిన చోట వరి రాదు, అక్కడంతా మల్బరీ. వేరు లోతుకి పోతుంది, వరద దాన్నేం చేయలేదు. ఇల్లు మూడంతస్తులు. పైరెండూ పురుగులకి, కిందిది మనుషులకి. ఎండొచ్చే గది కూడా పురుగులకే. వాటిని పేరు పెట్టి పిలవరు, పెద్దవాళ్లని పిలిచినట్టు గారు చేర్చి పిలుస్తారు. తర్వాత నైలాను వచ్చింది. మల్బరీ పీకేసి క్యాబేజీ వేశారు. రైలు పట్టాలు పీకేశారు. బడి మూసేశారు. కొన్నేళ్లకి కింది పట్నంలో ఊరిని కలిపేసి, పేరు కూడా తీసేశారు.

ఒక్కొక్కటీ చెప్పినప్పుడల్లా బల్ల మీంచి ఒక వస్తువు పక్కకి జరిపేసింది. చివరికి మడత ఒక్కటే మిగిలింది.

"నాకు తొమ్మిదేళ్లు," అంది. వేలు నది మీదే ఉంది. "మే నెల. పురుగులు నాలుగో నిద్ర లేచాయి. ఆ పొద్దున మంచు పడింది. మంచు పడకూడని రోజు. కొండ దిగువ దాకా ఆకంతా నల్లగా కాలిపోయింది. పురుగులు తలలెత్తి అటూ ఇటూ చూస్తున్నాయి, ఆకు కోసం. మూడు రోజులు చూశాం. నాన్న పురుగుల తట్టలు నదికి మోశాడు. అందరూ మోశారు. నేను రెండు తట్టలు మోశాను."

సుధ చేతిలో ఆకు ఆగిపోయింది.

"అవి మునగవు," అంది ఫూమీ. "తేలతాయి. చాలాదూరం తేలతాయి."

ఆవిడ మళ్లీ ఆకు అందుకుని తుడవసాగింది. "ఈసారి ఆకు ఉంది," అంది.

*

సాయంత్రం ఇంటికొచ్చి సుధ అన్నం కుక్కర్‌లో పెట్టి, కూతురు సంహిత హోంవర్క్ నోటులోంచి ఒక కాగితం చింపుకుని కూర్చుంది. ఫోన్‌లో ఒక్కో మాట వెతికి, వాక్యం రాసి, కొట్టేసి, మళ్లీ రాసింది. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని రాస్తున్న తల్లిని సంహిత వింతగా చూసింది.

"అమ్మా, ఆర్ యూ ఇన్ ట్రబుల్?"

"లేదులేమ్మా."

"వార్మ్స్ గురించి రాస్తున్నావా? దే ఆర్ రియల్?"

"ఒకప్పుడు రియలే."

భర్త జగదీష్ ఆఫీసు నుంచి వచ్చి, షూ విప్పుతూ కాగితం వైపు తొంగిచూశాడు. కారు సీట్ల కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం అతనిది. ఇంట్లో ఇంగ్లీషు ఉత్తరాలన్నీ అతనే రాస్తాడు. "ఏందిది, ఇంత రాస్తున్నావ్? ఇటియ్యి, ఒకసారి చూసిస్తా."

"వద్దు."

"తప్పులుంటాయి సుధా. నవ్వుతారు."

"స్పెల్లింగు ఫోన్ చూసుకుంటది. లోపల ఉండేది మీకేం తెలుసు? పురుగు ఎప్పుడు మాగి గూడు కడతాదో చెప్పగలరా మీరు?"

అతను నవ్వి చేతులెత్తేశాడు. "అమ్మో, సైంటిస్టు గారూ. రాయండి."

ఆ వెక్కిరింపు కూడా ఆమెకి తియ్యగానే ఉంది. ఈ దేశం వచ్చిన ఏడేళ్లలో తనకి బాగా తెలిసిన విషయం ఒకటి ఎవరైనా రాయమని అడగడం ఇదే మొదలు. డాక్టరు చదువుతాడు. చదివి, అవ్వని చెట్టు దగ్గర ఉండనిస్తాడు.

బుధవారం పొద్దున లాగ్ బుక్‌లో గుండ్రటి అక్షరాలతో పది వాక్యాలు దింపింది. ఫూమీగారి పురుగులు మంగళవారం పొద్దున నాలుగో నిద్ర లేచాయి. ఆకలి ఎక్కువ. రోజుకు ఐదుసార్లు ఆకు వేయాలి, తడి ఉండకూడదు. వాసన తగిలితే చచ్చిపోతాయి, అందుకే ఫూమీగారు స్ప్రే వద్దంటారు. అది కోపం కాదు. నేను కూడా ఆకు కోసి ఇస్తున్నాను. ఇంకా ఆరు రోజులు. తర్వాత అవి తినడం మాని గూడు కడతాయి. అప్పుడు ఫూమీగారు బయటికి వెళ్లరు. దయచేసి అప్పటిదాకా చెట్టు కొట్టవద్దు.

కింద సంతకం పెట్టింది. ఆ పుస్తకంలో అంత పొడుగు పేరా అంతకుముందు ఎవరూ రాయలేదు.

*

గురువారం రెండింటికి డెనీస్ ఆమెని ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు మూసింది. బల్ల మీద లాగ్ బుక్ ఆ పేజీ దగ్గరే తెరిచి ఉంది. కొన్ని వాక్యాల కింద పసుపు రంగు గీతలు.

"ఇది నువ్వే రాశావా?"

"అవును." సుధ సిగ్గుగా నవ్వింది.

"సుదా, ఆవిడకి పురుగులు కనిపిస్తున్నాయని నాకు తెలియదు. ఆకులు ఏరుకోవడం అనుకున్నాను, కాలక్షేపానికి. ఇది వేరు. లేని పురుగుల కోసం చెయ్యి చేసుకుంటోంది, బయటికి పోతోంది. డాక్టర్‌కి ఇంకేం చూడక్కర్లేకపోయింది. శనివారం తీసుకెళ్తారు, కూతురికి ఫోన్ చేశాను."

సుధ పుస్తకం మీదికి వంగింది. పసుపు గీతలనే చూస్తూ ఉండిపోయింది. చచ్చిపోతాయి అన్న చోట రెండు గీతలున్నాయి.

"లేవు," అంది. "పురుగులు లేవు మేడమ్. నాకు తెలుసు. ఆవిడ ఊర్లో, కువనోసెలో ఉండేవి. చిన్నప్పుడు. ఆకు దొరక్క నదిలో…" ఇంగ్లీషు తెగిపోయింది. "నేను మళ్లా రాస్తా. వేరేగా రాస్తా."

"రాసింది తీసేయకూడదు. చట్టం." డెనీస్ గొంతు తగ్గించింది. "ఇంకోటి, నువ్వు కూడా ఆకు కోసిస్తున్నట్టు రాశావు. డాక్టర్ అడిగాడు, మీ స్టాఫ్‌కి కూడా కనిపిస్తున్నాయా అని. నేనేదో సర్దిచెప్పాను. ఇంక ఆ మాట ఎత్తకు."

వంటింట్లో శశికళ గిన్నెలు కడుగుతూ అంతా విన్నది. తడిచేత్తోనే సుధ భుజం పట్టుకుంది.

"పిచ్చిదానా! ముసల్ది ఆకులేర్కుంటది, మంచిగుంటది, పాటలు పాడుకుంటది అని రాయాలె గాని, పురుగులు లేసినయ్, పండుకున్నయ్ అని రాస్తరా? గీళ్లకి గదంత సమజైతదా?"

"ఎందుకు చేస్తాదో రాయమన్నారక్కా. నిజమే రాసినా."

"నిజం రాసినవ్‌లే," అంది శశికళ. తర్వాత పంపు మళ్లీ తిప్పింది.

శుక్రవారం అంతా సుధ ఆకు కోసింది. ఐదుసార్లు కోసింది. సంహిత స్కూలు బస్సు మెసేజ్ కోసం పదినిమిషాలకోసారి ఫోన్ చూసుకునే మనిషి ఆ రోజు ఫోన్ జేబులోంచే తీయలేదు. ఫూమీ ఏ తేడా కనిపెట్టలేదు. ఒక్కసారి మాత్రం, "నువ్వు తొందరపడుతున్నావు. ఆకు నలుగుతోంది," అని మందలించింది.

*

శనివారం కూతురు నవోమి తొమ్మిదింటికే వచ్చింది. యాభై అయిదేళ్ల మనిషి, ఇక్కడే పుట్టింది. రెండు సూట్‌కేసులు సర్దడం పది నిమిషాల్లో అయిపోయింది. లాగ్ బుక్ కాపీ ఫైలులో ఉంది. గుమ్మం దగ్గర అది తీసి మళ్లీ చదువుతుంటే సుధ ఎదురు వెళ్లింది. రాత్రంతా కూడబలుక్కున్న వాక్యం అది.

"నా వల్లే పంపుతున్నారు. నేను రాసింది తప్పుగా అర్థమైంది. సారీ."

నవోమి తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆ ఊరి పేరు నాకెప్పుడూ చెప్పలేదు మా అమ్మ. నగానో దగ్గర అనేది, అంతే. డెనీస్ దగ్గర విని నిన్న వెతికాను. మ్యాప్‌లో ఎక్కడా లేదు. ఒక బస్ స్టాప్‌కి మాత్రం ఆ పేరుంది." కాగితం మడిచింది. "నది గురించి ఏదో అన్నావట. ఏంటది?"

సుధ చెప్పింది. వచ్చిన మాటల్లో, రానిచోట చేతులతో. రెండు తట్టలు అన్నప్పుడు రెండు చేతులూ ముందుకి చాపి చూపించింది. నవోమి ఆ ఖాళీ చేతుల వంక చూస్తూ నిలబడింది.

"ఇక్కడే ఉంచమని అడగండి," అంది సుధ.

"అడిగాను. నిన్న మూడుసార్లు. డాక్టర్ సంతకం పెట్టాక ఈ ఇంట్లో ఉంచుకుంటే వీళ్ల లైసెన్స్‌కి ప్రమాదమట. మా ఇంట్లో నేను ఎనిమిదింటికి వెళ్తే ఏడింటికి వస్తాను."

కారు దాకా ఫూమీ బాగానే వచ్చింది. తలుపు తీశాక ఆగిపోయింది. కారు పైకప్పు అంచు రెండు చేతులా పట్టుకుంది. మేత వేళయింది అంది. నవోమి ఇంగ్లీషులో బతిమాలింది, వచ్చీరాని జపనీస్‌లో బతిమాలింది. డెనీస్ వచ్చి మోచెయ్యి పట్టుకోబోతే ఫూమీ అరిచింది. ఆ అరుపుకి ఎదురింటివాళ్లు కిటికీ తెర జరిపి చూశారు. డెనీస్ ఫోన్ తీసి, వార్డు నుంచి మనుషుల్ని పంపమని అడగనా అంది. వాళ్లు వస్తే ఇంజెక్షన్ ఇచ్చి తీసుకెళ్తారు.

"ఒక్క నిమిషం," అంది సుధ.

ఆమె ఫూమీ పక్కకెళ్లి, చెవి దగ్గర, పనివాళ్లు పనివాళ్లతో మాట్లాడే గొంతుతో, తనకొచ్చిన ఇంగ్లీషులోనే చెప్పింది.

"మేత అక్కర్లేదు అవ్వా. మాగినాయి. గూడెక్కేసినాయి."

ఫూమీ చేతులు కారు మీదే ఉన్నాయి. "ఇవాళ ఐదో రోజు."

"నిన్నా మొన్నా ఎండలు కాసినాయి కదా. వేడికి తొందరగా మాగినాయి."

ముసలి కళ్లు ఆమె ముఖాన్ని వదలకుండా చూశాయి. ఇన్ని పంటలు చూసిన మనిషిని ఏమార్చడం ఎంత కష్టమో సుధకి తెలుసు. వాళ్ల అమ్మనైతే ఏమార్చలేకపోయేది.

"చేత్తో పట్టి చూశావా?"

"చూసినా. వెలుతురుకి పెడితే కుత్తిక దగ్గర అద్దం మాదిరి ఉన్నాయి. తల ఊపుతా పోగు వదుల్తున్నాయి."

"అన్నీనా?"

"అన్నీ అవ్వా. ఒక్కటి కూడా పోలేదు."

ఫూమీ కారు మీంచి ఒక చెయ్యి తీసింది. తర్వాత రెండోది. ఒళ్లు కొంచెం కిందికి దిగినట్టయింది, చాలాసేపు మోసిన బరువు ఎవరో అందుకున్నప్పుడు దిగినట్టు. నవోమి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కకి తిరిగింది.

ఫూమీ సీట్లో కూర్చుంది. సుధ బెల్టు పెట్టింది. బకిల్ టక్కుమన్నాక ఆ వణికే వేళ్లు ఆమె మణికట్టుని పట్టుకున్నాయి.

"పలచగా పరువు," అంది ఫూమీ. "ఇరుకైతే రెండు కలిసి ఒకే గూడు కడతాయి. అది ఎవరూ కొనరు."

"అట్లే అవ్వా."

"ఇంక నువ్వు పోయి పడుకో. ఇన్ని రోజులూ నీకూ నిద్ర లేదు."

కారు వెనక్కి జరిగి, రోడ్డెక్కి, ట్వెల్వ్ మైల్ వైపు తిరిగింది. వెనక అద్దంలోంచి తెల్లటి తల ఒక్కటే కనిపిస్తోంది. ఒకసారి కూడా వెనక్కి తిరగలేదు. పంట చేతికొచ్చాక ఎవరు మాత్రం తిరిగి చూస్తారు?

డెనీస్ ఊపిరి వదిలి సుధ భుజం తట్టింది. "థాంక్యూ. నువ్వు లేకపోతే ఏమయ్యేదో. ఏం చెప్పావు ఆవిడకి?"

సుధ లోపలికి వచ్చి, కుర్చీ లాక్కుని, ఆ రోజు లాగ్ బుక్ తెరిచింది. ఫూమీ పేరు ఎదురుగా ఉన్న ఖాళీ గడిలో, ఎవరి చీటీ చూడకుండా, ఫోన్ తీయకుండా రాసింది: బాగా తిన్నారు. నెమ్మదిగా వెళ్లారు.